ఏడు అల్లికలు సగంలో ఆగాయి: ఏది ముగించాలి, ఏది విప్పేయాలి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా పెడతాను. ఏడు అల్లికలు సగం సగంగా సూదుల మీద ఉన్నాయి: మీకోసం మొదలెట్టిన కాటన్ టాప్, నవంబరులో గాజువాకలో చెల్లెలికి పుట్టబోయే బిడ్డకి దుప్పటి, అదే బిడ్డకి టోపీ, ఢిల్లీలో ఉన్న అన్నయ్యకి స్వెట్టర్, ఒక రిబ్బింగ్ మఫ్లర్, ముక్కోణం శాలువా, ఒంటి సాక్. ఇవిగాక బీరువాలో 250 గ్రాముల తెల్ల కాటన్, కులూ నుంచి తెచ్చుకున్న 300 గ్రాముల నాటు ఊలు, ఒక పెద్ద కవరు నిండా మిగులు ఆక్రిలిక్. ఏది ముందు పూర్తి చేయాలి, ఏది విప్పేయాలి, కొత్తది మొదలెట్టొచ్చా అని అడిగారు. "మనసు కుదరడం లేదు" అని కూడా రాశారు.

మనసు సంగతి పక్కన పెట్టండి. మీరు పెట్టిన ఫొటోలు, రాసిన కొలతలు చూస్తే ఒక్కో సంచీలో ఒక్కో చిన్న అడ్డంకి కనిపిస్తోంది. ఒకదానికి సరైన సూది లేదు, ఒకదానికి ఊలు చాలుతుందో లేదో తెలీదు, ఒకదానికి సైజు తప్పిందని మీకు లోపల తెలుసు. అడ్డంకి ఏమిటో పేరుపెట్టి చెప్పుకోనంత కాలం ఆ సంచీ తీయబుద్ధి కాదు. అందుకని ఒక సాయంత్రం అల్లడం మానేసి వంటింటి డిజిటల్ కాటా, టేపు, నోటు పుస్తకం, పెన్ను పెట్టుకుని కూర్చోండి. ఒక్కో అల్లికకీ ఐదు సంగతులు రాయండి: సూది ఎన్ని మి.మీ., సూది మీద ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు అయ్యాయి, అల్లిన ముక్క ఎన్ని గ్రాములు, మిగిలిన ఉండ ఎన్ని గ్రాములు. సూదితో సహా తూచి, అలాంటి ఖాళీ సూది బరువు తీసేస్తే అల్లిక బరువు వస్తుంది.

వరసలు లెక్కపెట్టడం ఇలా. స్టాకినెట్‌లో, అంటే ఒక వరస సీదా ఒక వరస ఉల్టా అల్లినదాంట్లో, ముందు వైపు కనిపించే ఒక్కో 'వి' ఆకారం ఒక వరస. రెండు వైపులా సీదా అల్లిన గార్టర్‌లో ఒక్కో గట్టు రెండు వరసలు. వరస మధ్యలో ఆపేసి ఎటు అల్లాలో మర్చిపోతే, ఉండ నుంచి వస్తున్న దారం ఏ సూది కొసన వేలాడుతుందో ఆ సూది కుడిచేతిలోకి రావాలి. అటూ ఇటూ అయితే అల్లిక మధ్యలోనే వెనక్కి తిరిగి అక్కడొక చిన్న కన్నం పడుతుంది.

సూది నంబరు దగ్గర చాలామంది దెబ్బ తింటారు, మీ కాటన్ టాప్‌లో జరిగింది కూడా అదేననిపిస్తోంది. మన కుట్టుసామాన్ల షాపుల్లో అమ్మే సూదులకు ఇంగ్లండు పాత నంబర్లు ఉంటాయి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 6 అంటే 5 మి.మీ., 7 అంటే 4.5, 8 అంటే 4, 9 అంటే 3.75, 10 అంటే 3.25, 11 అంటే 3, 12 అంటే 2.75. అమెరికా నంబర్లలో అంతా తిరగబడి ఉంటుంది, అక్కడ 8 అంటే 5 మి.మీ. ఆన్‌లైన్‌లో దొరికే అమెరికా ప్యాటర్న్‌లో 6 నంబరు సూది అని ఉంటే, షాపుకెళ్లి 6 అడిగితే 4 మి.మీ. బదులు 5 మి.మీ. సూది చేతికొస్తుంది. పుస్తకంలో ఎప్పుడూ మి.మీ. మాత్రమే రాసుకోండి.

ఇక ఒక్కోటీ చూద్దాం.

టోపీ. 72 కుట్లు, 4 మి.మీ. సర్క్యులర్ సూది (రెండు మొనల మధ్య వంగే తీగ ఉన్నది), పైన తగ్గింపులు మొదలెట్టాక ఆపేశారు. ఎందుకు ఆగిందంటే, 40 సెం.మీ. సర్క్యులర్ మీద 72 కుట్లు ఎలాగో లాగి అల్లొచ్చుగానీ, 56కి దిగేసరికి కుట్లు చుట్టూ అందవు. తీగ లాగుతుంది, కుట్లు సాగుతాయి, చిరాకేసి పక్కన పడేస్తాం. మీకు కావలసింది రెండువైపులా మొన ఉన్న 4 మి.మీ. సూదుల సెట్టు, షాపులో 8 నంబరు అని అడగండి. ఆ సెట్టు దొరక్కపోతే 80 సెం.మీ. సర్క్యులర్‌తో తీగను మధ్యలో మడతలా బయటికి లాగి అల్లొచ్చు. తగ్గింపు లెక్క: 7 కుట్లు సీదా, తర్వాత రెండు కలిపి ఒకటి, ఇలా 8 సార్లు చేస్తే 64 మిగులుతాయి. ఒక చుట్టు మామూలుగా. తర్వాత 6 సీదా, రెండు కలిపి ఒకటి, 56. మళ్లీ ఒక చుట్టు మామూలుగా. ఇలా 40కి దిగేదాకా మధ్యలో మామూలు చుట్టు వేయండి, అక్కణ్ణించి ప్రతి చుట్టులోనూ తగ్గిస్తూ 8 కుట్లకి రండి. దారం 25 సెం.మీ. వదిలి తెంపి, మొద్దుమొన సూదితో ఆ ఎనిమిదింటిలోంచి రెండుసార్లు తిప్పి లాగి లోపలికి దాచండి. మొత్తం 500 కుట్లు కూడా ఉండవు, కొత్త సూదులకు చేయి అలవాటు పడే సమయం కలుపుకున్నా ముప్పావుగంట పని. 22 కుట్లకు 10 సెం.మీ. చొప్పున 72 కుట్లు దాదాపు 33 సెం.మీ. వస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత 34, 35 సెం.మీ. ఉంటుంది కాబట్టి కొద్దిగా సాగి సరిగ్గా పడుతుంది. ఒక్క మాట చెల్లెలికి చెప్పండి: నిద్రపుచ్చేటప్పుడు టోపీ తీసేయాలి. పసిపిల్లల ఒంటి వేడి తల నుంచే ఎక్కువ బయటికి పోవాలి, మన ఊళ్లో నవంబరులో కూడా వాళ్లకి ఉక్క పోస్తుంది.

మఫ్లర్. ఒక్క సీదా ఒక్క ఉల్టా రిబ్బింగ్, 62 సెం.మీ. అయింది, 70 గ్రాములు పట్టింది, మిగిలింది 80. మామూలు మఫ్లర్‌కి 150 సెం.మీ. పొడవు కావాలి. 70ని 62తో భాగించి 150తో గుణిస్తే 169 గ్రాములు, మీ దగ్గర మొత్తం 150 గ్రాములే. ఆఖర్న ఊలు చాలదని చేతికి ముందే తెలిసిపోయింది, అందుకే ఆగింది. ఈ 62 సెం.మీ.కే కుట్లు మూసేసి, రెండు కొసలూ కలిపి కుట్టేయండి. మెడకి వేసుకునే గుండ్రటి చుట్టు అవుతుంది. పెద్దవాళ్ల తల చుట్టుకొలత 56, 57 సెం.మీ. ఉంటుంది, రిబ్బింగ్ సాగుతుంది కాబట్టి తలమీంచి హాయిగా దిగుతుంది. అరకు ప్రయాణానికి ఇది చాలు, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున డిసెంబరు పొద్దున మెడకి ఒక చుట్టు ఉంటే చలి ఆగుతుంది. విశాఖలో మాత్రం పొడవాటి మఫ్లర్ కట్టుకునే రోజులు ఏడాదికి ఎన్నని? మిగిలిన 80 గ్రాములు ఆక్రిలిక్ సంచీలోకి పోనివ్వండి.

కాటన్ టాప్ సంగతి కొంచెం కష్టం. ఛాతీ 96 సెం.మీ. అనుకున్నారు. 10 సెం.మీ.కి 22 కుట్ల లెక్కన 212 కుట్లు చుట్టూ ఎక్కించారు, 18 సెం.మీ. అల్లారు. ఇప్పుడు టేపు పెడితే 10 సెం.మీ.కి 20 కుట్లే వస్తున్నాయని రాశారు. 212ని 2తో భాగిస్తే 106 సెం.మీ. అంటే చుట్టూ 10 సెం.మీ. అదనం. ఊలు అయితే ఉతికేటప్పుడు కాస్త దగ్గరికి లాక్కోవచ్చు. కాటన్‌కి ఆ గుణం లేదు, పైగా తడిస్తే తన బరువుకి తనే కిందికి సాగుతుంది. "పూర్తయ్యాక చూద్దాం, ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుంది" అనుకోవద్దు, సర్దుకోదు. ఇది విప్పేయాలి.

విప్పడానికి చేయి రాకపోవడం సహజం. అందుకే ఎంత పోతోందో లెక్క చూడండి: 18 సెం.మీ. అంటే దాదాపు 48 వరసలు, 212 కుట్ల చొప్పున పదివేల పైచిలుకు కుట్లు. నిమిషానికి 20 కుట్ల వేగంతో ఎనిమిదిన్నర గంటల పని. వదిలేయకుండా ముందుకెళ్తే ఇంకో పాతిక ముప్పై గంటలు పెట్టి, వేసుకోలేని బట్ట తయారుచేస్తారు. దారం మాత్రం ఎక్కడికీ పోదు, 400 గ్రాములూ అలాగే ఉంటుంది.

విప్పిన కాటన్‌ని ఉండగా చుట్టేయకండి. వంకీలు తిరిగిన దారంతో మళ్లీ అల్లితే గేజ్, అంటే 10 సెం.మీ.కి వచ్చే కుట్ల లెక్క, ఇంకోలా వస్తుంది. కుర్చీ వీపుకి చుట్టి చిలపగా చేయండి, నాలుగుచోట్ల వేరే దారంతో '8' ఆకారంలో వదులుగా ముడి వేయండి. గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, ఫ్యాన్ కింద వేలాడదీయండి. వర్షాకాలంలో ఇక్కడ ఆరడానికి రెండు రోజులు పడుతుంది. లోపల కొద్దిగా తడి ఉండగానే ఉండ చుట్టి కవర్లో పెడితే బూజు వాసన పడుతుంది, కాటన్‌కి ఆ వాసన త్వరగా వదలదు.

మళ్లీ మొదలెట్టేముందు 15×15 సెం.మీ. నమూనా ముక్క అల్లండి, 3.5 మి.మీ. సూదితో ఒకటి, 3.25తో ఒకటి. ఉతికి, ఆరాక అడుగున మూడు నాలుగు బట్టల క్లిప్పులు పెట్టి ఒక రాత్రంతా వేలాడదీయండి. పొద్దున కొలవండి. మధ్యలో 10 సెం.మీ. మాత్రమే లెక్కపెట్టాలి, అంచులు ఎప్పుడూ అబద్ధం చెప్తాయి. 22 కుట్లు ఏ సూదికి వస్తే ఆ సూది మీది. కాటన్ నిలువునా సాగుతుంది కాబట్టి టాప్ పొడవు ప్యాటర్న్‌లో చెప్పినదానికంటే 3 సెం.మీ. తగ్గించండి. ఉతికిన నమూనా లేకుండా కాటన్ బట్ట అల్లడం నా లెక్కలో జూదం.

దుప్పటి. 165 కుట్లు, వెడల్పు 75 సెం.మీ., 40 సెం.మీ. అయింది, 135 గ్రాములు పట్టింది. మీరు కొన్నది 300 గ్రాములు. 90 సెం.మీ. కావాలంటే 304 గ్రాములు. నాలుగు గ్రాములు తక్కువ! లేబుల్ మీద డై లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) మీరు దాచలేదన్నారు, కాబట్టి ఇంకో ఉండ కొన్నా రంగులో తేడా కనిపించొచ్చు, లేత పసుపులో అయితే మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 80 సెం.మీ.కే ఆపండి. 270 గ్రాములు పడుతుంది, 30 మిగులుతుంది. 75×80 ఒళ్లో పెట్టుకోవడానికీ, చుట్టడానికీ చక్కని సైజు. ఆఖరి 5 సెం.మీ. గార్టర్ అల్లడం మర్చిపోవద్దు, లేకపోతే పై అంచు గొట్టంలా చుట్టుకుపోతుంది. ఒకవేళ ఎప్పుడైనా రెండు లాట్లు కలపక తప్పకపోతే, పాత ఉండతో రెండు వరసలు కొత్త ఉండతో రెండు వరసలు చొప్పున ఒక 8, 10 సెం.మీ. కలిపి అల్లితే గీత పడకుండా రంగు ఒకదాంట్లోకి ఒకటి జారుతుంది.

ఇది ఆక్రిలిక్ కాబట్టి ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మన ఇళ్లల్లో స్నానం చేయించాక బిడ్డకి సాంబ్రాణి పొగ వేస్తారు, నిప్పుల కుంపటి దగ్గరికే తెస్తారు. ఆక్రిలిక్‌కి నిప్పురవ్వ తగిలితే బూడిద కాదు, కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఆ సమయంలో బిడ్డని నూలు చీర ముక్కలోనే చుట్టమని చెప్పండి, ఈ దుప్పటి గదిలో వేరే మూల ఉండాలి. రాత్రి ఉయ్యాల్లో ఒంటరిగా పడుకోబెట్టినప్పుడు కూడా వదులుగా ఉన్న అల్లిక దుప్పటి కప్పకూడదు, మొహం మీదికి వస్తుంది.

మీ మిగులు సంచీలో ఏది ఏమిటో తెలీదన్నారు కదా, ఆ పరీక్ష కూడా నిప్పుదే. రెండు అంగుళాల కొస తెంపి, పట్టకారుతో పట్టుకుని స్టీలు పళ్లెం మీద అంటించండి. వెంట్రుక కాలిన వాసనొచ్చి, మంట తీయగానే ఆరిపోయి, నలిపితే పొడయ్యే నల్లటి బూడిద మిగిలితే అసలు ఊలు. కాగితం వాసనతో కాలి మెత్తటి బూడిద మిగిలితే కాటన్. కరుగుతూ కాలి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగిలితే ఆక్రిలిక్. షాపులో "ఊలు" అని అడిగితే ఇక్కడ ఇచ్చేది చాలావరకు మూడోదే. మోసం అనుకోవద్దు, వాడుకలో ఆ మాట అలా స్థిరపడిపోయింది.

స్వెట్టర్. ముందు వెనక ముక్కలు రెండూ అయ్యాయి, 290 గ్రాములు, మిగిలింది 180. చేతులు మిగిలాయి. ఫుల్‌హ్యాండ్ స్వెట్టర్‌లో రెండు చేతులూ కలిపి మొత్తం ఊలులో దాదాపు మూడో వంతు తింటాయి, అంటే ఇక్కడ 140 దాకా. మెడపట్టీకి 15 వేసుకున్నా సరిపోతుంది. అయినా 10 సెం.మీ. చెయ్యి అల్లాక ఒకసారి తూచి సరిచూసుకోండి. మీది డ్రాప్ షోల్డర్ (చంకలో వంపు లేకుండా చెయ్యి నేరుగా కలిపి కుట్టేది) కాబట్టి లెక్క సులువు: మణికట్టు దగ్గర 52 కుట్లు, 6 సెం.మీ. రిబ్బింగ్, అక్కణ్ణించి ప్రతి ఆరో వరసలో రెండు అంచుల్లోనూ ఒక్కో కుట్టు పెంచుతూ 18 సార్లు, 88 కుట్లు. మొత్తం 45 సెం.మీ., 135 వరసలు. సగటున వరసకి 70 కుట్లు వేసుకుంటే ఒక చేతికి 9,450, రెండింటికీ 18,900. నిమిషానికి 20 చొప్పున పదహారు గంటలు. రోజుకో గంట కూర్చుంటే పదహారు రోజులు! "ఎప్పటికి అవుతుందో" అని మీరు రాసిన పని ఇంతే. రెండు చేతులూ ఒకే పొడుగు సర్క్యులర్ మీద రెండు ఉండలతో పక్కపక్కన అల్లండి. ఒకదానికొకటి పొడవు తప్పవు, రెండో చెయ్యి అల్లడానికి బద్ధకించే అవకాశమే ఉండదు.

ఇది మార్చిలో ఆగిపోయిందన్నారు. విశాఖలో మార్చి నుంచి జూన్ దాకా మూడొందల గ్రాముల ఊలు ఒళ్లో పెట్టుకుని ఎవరూ కూర్చోలేరు. అరచేతులు చెమర్చి దారం సూది మీద జారదు, కుట్లు బిగుసుకుంటాయి. ఆ నెలల్లో చేతులు, టోపీలు, సాక్స్ లాంటి చిన్న ముక్కలు పెట్టుకుని, పెద్ద ముక్కల పని ఆగస్టు తర్వాత పెట్టుకుంటే ఈ సమస్యే రాదు.

నెలలు ఆగిన ఏ అల్లికైనా మళ్లీ మొదలెట్టేటప్పుడు సూది మీద వరస, దాని కింద వరస విప్పేసి అక్కణ్ణించి అల్లండి. అన్నాళ్లు సూది మీద సాగి ఉన్న వరస ఉతికినా గీతలా మిగిలే ప్రమాదం ఉంది. నాలుగు వరసలయ్యాక పాత అల్లిక పక్కన టేపు పెట్టి చూడండి. చేతి బిగువు మారి ఉంటే 0.25 లేక 0.5 మి.మీ. తేడా సూదికి మారాలి. చేతిని బలవంతంగా బిగించి పాతదానితో కలపాలని చూస్తే పది వరసలకే మళ్లీ పాత అలవాటుకొస్తుంది.

శాలువాలో మీ భయం, "సగం అయ్యాక ఊలు అయిపోతుందేమో". ఒక మూల నుంచి మొదలై వెడల్పయ్యే ముక్కోణంలో వరసలు సగమైతే ఊలు సగం అవదు, పావే అవుతుంది. సగం ఊలు ఖర్చయ్యేది నూటికి 71వ వరస దగ్గర. మీరు 120 వరసలు అల్లారు, 100 గ్రాముల్లో 62 అయ్యాయి. 100ని 62తో భాగించండి, 1.613. దాని వర్గమూలం 1.27. దాన్ని 120తో గుణిస్తే 152. అంటే మొత్తం ఊలుకి 152 వరసలు, ఇంకా 32. ఆ చివర దాదాపు 300 కుట్లు ఉంటాయి, సాగేలా మూసేయడానికి మూడు వరసలంత దారం తింటుంది. కాబట్టి ఇంకో 28 వరసలు అల్లి 148 దగ్గర మూసేయండి. అప్పటికి 94 గ్రాములు అయి, ఆరు గ్రాముల దాకా చేతిలో ఉంటుంది. ధైర్యం చేసి ఇంకో రెండు వరసలు లాగాలనిపిస్తే, ముందు 148వ వరస కుట్లన్నిట్లోంచి ఒక సన్నని నునుపు దారం దూర్చి వదిలేయండి. ఊలు చాలకపోతే అక్కడిదాకా విప్పొచ్చు, ఒక్క కుట్టూ జారదు. ఇది తొందర లేని పని, జనవరికి వదిలేయండి. దీని సూది వేరేదానికి కావాలంటే కుట్లన్నీ అలాంటి నునుపు దారం మీదికే దించి, సూది మి.మీ. చీటీ మీద రాసి సంచీలో పడేయండి. ఆ చీటీ రాయకపోవడం వల్లే గేజ్ తప్పుతుంది, నెల పోయాక చేతికి దొరికిన సూది పెట్టి "ఇదే అనుకుంటా" అని మొదలెడతాం.

సాక్. మొదటిది 44 గ్రాములు, మిగిలింది 56, ఊలు బాధ లేదు. మొదటిదాని కాలు, మడమ, పాదం వరసలు మూడూ విడివిడిగా లెక్కపెట్టి రాసుకుని రెండోది అదే 2.5 మి.మీ. సూదులతో మొదలెట్టండి. అసలు సమస్య ఫొటోలో కనిపిస్తోంది. ఎక్కించిన 64 కుట్ల లోపలి వైపు, సూది ఆనుకున్న చోట, గోధుమరంగు గీత. అది తుప్పు. లాసన్స్ బే, ఎం.వి.పి. కాలనీ లాంటి చోట్ల బాల్కనీ తలుపు తీస్తే ఉప్పుగాలి నేరుగా ఇంట్లోకే వస్తుంది. పూత లేచిన స్టీలు సూది ఏడాదిపాటు ఊలులో ఉంటే తుప్పు పట్టక మానదు. ఎక్కించిన వరసే కాబట్టి ఆ మీటరో రెండు మీటర్లో తెంపి పారేసి మళ్లీ ఎక్కించండి. బ్లీచ్ మాత్రం వేయొద్దు, క్లోరిన్ బ్లీచ్ ఊలుని తినేస్తుంది, తుప్పు మచ్చని ఇంకా ముదురు చేస్తుంది. ఇకమీదట నెల దాటి ఆపే అల్లిక ఏదైనా ఇనుప సూది మీద ఉంచకండి. గుర్తుకోసం పెట్టే పిన్నీసులు కూడా అంతే, వాటి బదులు రంగుదారం ముక్క ముడి వేయండి. వెదురు సూదులకి తుప్పు లేదు, అయితే తేమకి గరుకెక్కుతాయి. మైనం కాగితంతో రుద్దితే మళ్లీ జారతాయి. అల్యూమినియం సూదికి ఎర్ర తుప్పు రాదు గానీ తెల్ల దారం మీద బూడిదరంగు వదులుతుంది, మీ తెల్ల కాటన్ దాని మీద పెట్టొద్దు.

దాచే పద్ధతి కూడా మార్చాలి. పాలిథీన్ కవర్లు తీసేసి పాత దిండు గలీబులు వాడండి, గాలి ఆడాలి. పురుగు పట్టేది ఊలుకీ పట్టుకే, ఆక్రిలిక్‌నీ కాటన్‌నీ ఆ పురుగు ముట్టదు. కాబట్టి మీరు కాపలా కాయాల్సింది కులూ ఊలు, స్వెట్టర్, శాలువా, సాక్ మాత్రమే. నాఫ్తలీన్ ఉండలు మాత్రం చెల్లెలి బిడ్డ వస్తువులున్న బీరువాలో అస్సలు వద్దు. జీ6పీడీ లోపంతో, అంటే ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ తక్కువగా, పుట్టిన పిల్లలకు ఆ వాసన పట్టిన బట్టలు వేస్తే రక్తకణాలు పగిలి పచ్చకామెర్లు ముదురుతాయి, ఆ లోపం ఉందో లేదో పుట్టగానే ఇంట్లోవాళ్లకి తెలీదు. అనుమానం ఉన్న ఊలుని గట్టి ప్లాస్టిక్ సంచీలో గాలి తీసి, డీప్ ఫ్రీజర్‌లో ఒక వారం ఉంచండి. బయటికి తీశాక సంచీ విప్పకుండా గది వేడికి రానిచ్చి, అప్పుడు తెరవండి, లేకపోతే ఊలు మీద నీరు పడుతుంది.

వరస అడిగారు కాబట్టి: ఈ ఆదివారం టోపీ, మఫ్లర్ ముగించండి, కాటన్ విప్పి ఆరేయండి. సోమవారం నుంచి పొద్దున చల్లగా ఉన్నప్పుడు అన్నయ్య స్వెట్టర్ చేతులు, రాత్రి టీవీ ముందు దుప్పటి. దుప్పటికి ఇంకా 40 సెం.మీ., 120 వరసలు, పదహారున్నర గంటలు. ఇవి రెండూ కలిపి 33 గంటల లోపే, రోజుకో గంటే కుదిరినా ఐదు వారాలు. ఆగస్టు చివర మొదలెడితే అక్టోబరు మొదటి వారానికి అవుతాయి, ఉతికి ఆరేయడానికి, కుట్టడానికి, ఢిల్లీకి పార్సిల్ పంపడానికి బోలెడు సమయం. సాక్ బస్సులో, ఆస్పత్రి వరండాలో అల్లుకోండి.

కొత్తది మొదలెట్టొచ్చా అంటే, ఒక్కటి మొదలెట్టండి, అదీ తెల్ల కాటన్‌తో. కులూ ఊలు మెడకి గుచ్చుకుంటుంది, విశాఖలో దాని అవసరమూ లేదు. స్వెట్టర్ అయ్యాక అన్నయ్యకే ఒక టోపీ అల్లి ఇంకో పార్సిల్‌లో పంపొచ్చు. ఆక్రిలిక్ ముక్కలు ఎన్ని గ్రాములని కాకుండా ఎన్ని మీటర్లని చూడాలి. 20 మీటర్లు టేపుతో కొలిచి తూచండి, 7 నుంచి 10 గ్రాములొస్తే డీకే అనే మధ్యరకం మందం, 5 గ్రాములొస్తే సాక్స్ అల్లే సన్న దారం. లేబుల్ మీద ప్లై అంటే ఎన్ని పోగులు పేనారో చెప్పేదే, మందం చెప్పదు. డీకేలో పెద్దవాళ్ల టోపీకి 150 నుంచి 200 మీటర్లు, మఫ్లర్‌కి 300 నుంచి 400, ఫుల్‌హ్యాండ్ స్వెట్టర్‌కి 1,100 పైన. ఒకే మందం ఉన్న ముక్కలన్నీ ఒక సంచీలో వేస్తే ఆ సంచీ దేనికి పనికొస్తుందో దానంతటదే కనిపిస్తుంది.

ఆ తెల్ల కాటన్‌తో బిడ్డకి చేతులు లేని, ముందు తెరుచుకునే చొక్కా అల్లండి, నవంబరు ఒంటికి అదే హాయి. 22 కుట్లకు 10 సెం.మీ. లెక్కన 98 కుట్లు, చుట్టూ దాదాపు 45 సెం.మీ. అడుగున 6 వరసలు గార్టర్, రెండు ముందు అంచుల్లో 4 కుట్లు ఎప్పుడూ గార్టర్. 12 సెం.మీ. అయ్యాక 25, 48, 25గా విడదీసి మూడు ముక్కలూ వేరువేరుగా ఇంకో 10 సెం.మీ. అల్లి, భుజాలు కలిపి కుట్టండి. 50 గ్రాముల ఉండలు రెండు చాలు. కొసలు లోపల అల్లేటప్పుడు ఒకే దిక్కుకి కాకుండా ముందుకీ వెనక్కీ తిప్పి 5 సెం.మీ. దూర్చండి, కాటన్ కొస ఉతికితే జారి బయటికొస్తుంది, పసివేళ్లకి చుట్టుకుంటుంది. బొత్తాలు పెట్టొద్దు, ఊడితే నోట్లోకి పోతాయి. ఛాతీ దగ్గర రెండు జతల తాళ్లు కుట్టండి, ఒక్కోటి 15 సెం.మీ. మించకుండా, మెడకి దూరంగా.